గైడ్‌తో ఒక్కరోజు కొండ నడక: అయిదు గంటలు సరిపోతాయా?

ప్రశ్న:
నలుగురం ఓ కొండ ఎక్కబోతున్నాం. రానూపోనూ 12 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 900 మీటర్లు. కొండ కింది ఊరాయనే గైడ్‌. అయిదు గంటలు చాలంటున్నారు. మాలో ఇద్దరు కొత్తవాళ్ళు. ఎన్నింటికి బయల్దేరాలి? నీళ్ళెన్ని మోయాలి?

జవాబు 1:
అయిదు గంటలనేది ఆయన నడక లెక్క. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ ఇచ్చిన సూత్రం చూడండి: 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మీ దారికి దాదాపు నాలుగు గంటలు, అదీ అలవాటున్నవాళ్ళు ఆగకుండా నడిస్తే. కొత్తవాళ్ళ కోసం అందులో సగం కలపండి, ఆగడాలకు మరో గంట. ఏడు గంటలు.

ఉదయం ఆరున్నరకు బయల్దేరండి. వెనక్కి తిరిగే సమయం గైడ్‌తో కిందే ఖాయం చేసుకోండి. పదకొండున్నర అనుకుంటే, శిఖరం అరగంట దూరంలో ఉన్నా తిరగాల్సిందే. శిఖరం కనిపిస్తుంటే ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాదు. కొండల మీద ఉరుములు మధ్యాహ్నం తర్వాతే ఎక్కువ. ఉరుము వినపడగానే శిఖరం మీంచీ అంచుల మీంచీ దిగిపోవాలి, ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు.

జవాబు 2:
గంటకు అర లీటరు చొప్పున మనిషికి మూడున్నర లీటర్లు, అంటే మూడున్నర కిలోల బరువు. దారిలో ఊట ఉందంటే, ఈ నెలలో పారుతోందా, ఈమధ్య ఎవరైనా చూశారా అని గైడ్‌ని అడగండి. ఊటకు పైన పశువులు మేస్తుంటే నీళ్ళెంత తేటగా ఉన్నా క్లోరిన్ బిళ్ళ వేసి, అట్ట మీద రాసినంతసేపు ఆగాకే తాగాలి.

మోకాలి నొప్పి, ఉబ్బసం, లోయ చూస్తే కళ్ళు తిరగడం లాంటివి ముందురోజే గైడ్‌కి చెప్పేయండి. మొహమాటపడి దాచేవాళ్ళే ఎక్కువ. తెలిస్తే ఆయన వేరే దారి చూస్తారు.

జవాబు 3:
దిగడాన్ని తేలిగ్గా తీసుకోకండి. కాలు జారేది తొడలు అలిసిపోయాకే. పాదం ముందుకు జరిగి వేళ్ళు బూటుకి కొట్టుకుంటే గోళ్ళు నల్లబడతాయి. గోళ్ళు ముందే కత్తిరించుకుని, దిగే ముందు చీలమండ దగ్గర లేసులు బిగించండి. చేతికర్రల పొడవు కొంచెం పెంచండి. మడమ దగ్గర వేడిగా అనిపిస్తే బొబ్బ లేవకముందే ఆగి టేపు వేయాలి. రాళ్ళు దొర్లే చోట ఒకరి కింద ఒకరు నడవద్దు.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగమండీ. గైడ్ ముందు వెళ్ళిపోతే, వెనకవాళ్ళు దారి తప్పితే?

జవాబు 1:
నిదానంగా నడిచేవారిని గైడ్ వెనకాలే ఉంచండి, అలవాటున్నవారు చివర నడవాలి. దారి చీలిన ప్రతిచోటా అందరూ కలిసేదాకా ఆగాలి. తప్పిపోతే ఉన్నచోటే ఉండి, నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి, నిమిషం ఆగి మళ్ళీ వేయండి. నిమిషానికి మూడు ఈలలు వినిపిస్తే అది జవాబు. అందుకే ఈల మనిషికొకటి ఉండాలి, సంచిలో కాదు, మెడలో.