ఐరిష్ వాటర్ స్పానియల్ ఇంట్లో పెంచుకోవడానికి ఎలా ఉంటుంది?

లిఫీగట్టు:
డబ్లిన్ శివారులో ఉంటున్నాం. చిన్న పెరడున్న ఇల్లు, ఆరేళ్ల పాప. ఇద్దరివీ ఉద్యోగాలే, కానీ ఎవరో ఒకరం చాలా రోజులు ఇంటి నుంచే పని చేస్తాం. ఐరిష్ వాటర్ స్పానియల్ మీద మనసు పడింది. ఒళ్లంతా ఉంగరాల జుట్టు, నున్నటి ముఖం, ఎలుక తోక, చూడగానే నవ్వొచ్చే వాలకం. జుట్టు రాలదు, అలర్జీ ఉన్నవాళ్లకూ ఫర్వాలేదని చాలాచోట్ల రాశారు. పాపకు కొద్దిగా డస్ట్ అలర్జీ ఉంది. ఏటా గుంటూరు నుంచి అత్తయ్య, మామయ్య వచ్చి కొన్ని నెలలుంటారు. మామయ్యగారికి కుక్కలంటే భయం. దీని స్వభావం ఎలాంటిది? జుట్టు పని ఎంత ఉంటుంది? ఎప్పటికైనా హైదరాబాద్ వెళ్లిపోతే అక్కడ బతకగలదా?

వేటకుక్కల_పిచ్చి:
ముందు ఇదేం కుక్కో చూద్దాం. పేరు స్పానియలే గానీ చేసే పని రిట్రీవర్‌ది. తుపాకీ దెబ్బకు నీళ్లలో పడ్డ బాతును ఈదుకెళ్లి నోట కరుచుకు తేవడానికి తయారు చేసిన జాతి. బ్రిటన్‌లో ఫీల్డ్ ట్రయల్స్ (వేటకుక్కల పోటీలు) జరిగితే ఇవి రిట్రీవర్లతోనే పోటీ పడతాయి. ఇప్పుడున్న రూపానికి మూలం 1830లలో డబ్లిన్‌కు చెందిన జస్టిన్ మెకార్తీ పెంచిన ‘బోట్‌స్వెయిన్’ అనే మగకుక్క. ఏయే జాతులు కలిపి తయారు చేశాడో ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దీన్ని ‘ప్రమాదంలో ఉన్న స్వదేశీ జాతి’ జాబితాలో పెట్టింది. ఏడాదికి 300 లోపు పిల్లలే నమోదయ్యే జాతుల జాబితా అది. అందుకే పిల్ల కావాలంటే నెలల తరబడి వరుసలో ఉండాల్సి వస్తుంది. ‘వచ్చే వారమే ఇస్తాం’ అనేవాళ్లను అనుమానించండి.

మగది భుజం దగ్గర 53 నుంచి 59 సెం.మీ. ఎత్తుంటుంది. బరువు 25 నుంచి 30 కిలోలు. స్పానియళ్లలో ఇంతకన్నా ఎత్తైనది లేదు. చిన్న కుక్క అనుకుని తెచ్చుకోవద్దు.

స్వభావం విషయానికొస్తే, దీన్ని స్పానియళ్లలో జోకర్ అంటారు. ఆ మాటకు మురిసిపోయేముందు దాని వెనకున్న సంగతి తెలియాలి. ఇది సొంతంగా ఆలోచించే కుక్క. లాబ్రడార్‌కు ఒకే ఆటను ఇరవైసార్లు ఆడించినా అదే హుషారు. ఇది మూడోసారికల్లా విసుగుపడి వస్తువును వేరే చోటికి పట్టుకెళ్లి పడేస్తుంది, లేదా మీ మొహం చూస్తూ కూర్చుంటుంది. బొమ్మను రెండుమూడుసార్లు తెప్పించి, ఇంకా ఉత్సాహం ఉండగానే ఆపేయండి. శిక్షణ అయిదు నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు విడతలు చాలు. గద్దించినా, గొలుసు లాగినా మొండికేస్తుంది. కొన్నయితే అలిగి అసలు పని మానేస్తాయి. చెప్పు ఎత్తుకుపోతే వెంటపడకండి, వెంటపడితే దానికదే ఆట అయిపోతుంది. చేతిలో తిండి చూపించి మార్పిడి చేసుకోండి.

పిలిస్తే రావడం నేర్పడానికి 10 మీటర్ల పొడవు తాడు కట్టి మొదలుపెట్టండి. తాడు లేకుండా వదలడానికి తొందరపడొద్దు. వాసన పట్టిందంటే మీ మాట చెవికెక్కదు. ఇది ఆలస్యంగా ఎదిగే జాతి, రెండు మూడేళ్లు వచ్చేదాకా చిలిపి పోదు. పెద్దదయ్యాక రోజుకు గంటన్నర నడక, పరుగు, ఈత ఉండాలి. అది దొరక్కపోతే సోఫా దిండ్లు మిగలవు.

మామయ్యగారి సంగతి. ఇంట్లోవాళ్లను అంటిపెట్టుకుని ఉంటుంది గానీ కొత్తవాళ్ల దగ్గర దూరంగానే ఉంటుంది. గోల్డెన్ రిట్రీవర్‌లా ఎవరి మీద పడితే వాళ్ల మీద పడి నాకదు. భయపడేవారికి ఒకరకంగా ఇది నయమే. కానీ పిల్లగా ఉన్నప్పుడు మనుషులు, చప్పుళ్లు అలవాటు చేయకపోతే ఆ దూరమే బెరుకుగా మారి మొరుగుడు మొదలవుతుంది. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా అదను. ఎనిమిది వారాలకు పిల్ల మీ ఇంటికొచ్చేసరికే సగం అయిపోతుంది కాబట్టి, అమ్మేవాళ్లు దాన్ని ఇంట్లో పెంచారా, షెడ్డులో పెంచారా అన్నది అడగండి. అత్తయ్యవాళ్లు వచ్చిన మొదటి వారం కుక్కను పట్టీతో ఉంచండి. మామయ్యగారిని దాని కళ్లలోకి చూడొద్దనండి, పలకరించొద్దనండి. వాసన చూసి అదే పక్కకు పోతుంది.

దువ్వెన_గారు:
జుట్టు గురించి చెప్తాను, చాలామంది వదిలేసుకునేది ఇక్కడే.

జుట్టు తక్కువ రాలుతుందన్నది నిజమే. అలర్జీ రాదన్నది మాత్రం నిజం కాదు. అలర్జీ కలిగించే ప్రోటీన్లు చొంగలో, చర్మపు పొట్టులో ఉంటాయి. ఏ కుక్కకూ అవి లేకుండా ఉండవు. పైగా ఇది నీళ్లు తాగి గడ్డం కార్చుకుంటూ ఇల్లంతా తిరుగుతుంది. పాపను ముందు రెండు మూడుసార్లు పెద్ద కుక్కలున్న ఇంట్లో గంటసేపు కూర్చోబెట్టి చూడండి. డస్ట్ అలర్జీకీ, కుక్క అలర్జీకీ పరీక్షలు వేరువేరు, డాక్టర్‌నూ అడగండి.

రాలిన వెంట్రుక కింద పడదు, ఉంగరాల్లో చిక్కుకుని లోపలి బొచ్చుతో కలిసి జడ కడుతుంది. వారానికి రెండుసార్లు పళ్లు ఎడంగా ఉన్న ఇనుప దువ్వెనతో దువ్వాలి. పైపైన బ్రష్ చేస్తే పైన నున్నగా కనిపిస్తుంది, చర్మం దగ్గర మాత్రం అట్ట కట్టి ఉంటుంది. ఒక చేత్తో జుట్టును పైకి ఎత్తిపట్టి కింది నుంచి పాయపాయగా, చర్మం కనిపించేలా దువ్వండి. ముందుగా చూడాల్సినవి చెవుల వెనక, చంకలు, మెడపట్టీ కింద, తొడల మధ్య. చిక్కు తీయకుండా స్నానం చేయిస్తే ఆ ముడి బిగుసుకుపోతుంది, ఆ తర్వాత కత్తిరించడం తప్ప దారి లేదు. దువ్విన వెంటనే బొచ్చు దూదిలా ఉబ్బుతుంది. నీళ్లతో తడిపి దానంతట అది ఆరనిస్తే ఉంగరాలు తిరిగొస్తాయి. హెయిర్ డ్రయర్ పెడితే రావు.

ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరింపు. గ్రూమర్‌కు ఫొటో చూపించండి, లేకపోతే పూడుల్ జాతి కుక్కలా కత్తిరించి పంపుతారు. తోక మొదట్లో 8 నుంచి 10 సెం.మీ. మాత్రమే ఉంగరాలు, మిగతాదంతా పొట్టి జుట్టుతో నున్నగా సన్నబడాలి. చివర బంతి ఉండకూడదు. ముఖం నున్నగా, నెత్తి మీద కుచ్చు కళ్ల మధ్యకు మొనలా వాలి ఉండాలి. ఇంట్లో పెంచుకునేదానికి ఒంటి జుట్టు మూడు సెం.మీ. ఉంచినా తప్పేం లేదు, పని సగానికి తగ్గుతుంది. దీని ముదురు లివర్ రంగు (ముదురు గోధుమరంగు) ఎండకు వెలిసి ఎర్రబడుతుంది, అది జబ్బు కాదు.

లిఫీగట్టు:
చాలా వివరంగా చెప్పారు, థాంక్స్ అండీ. ఇంకో రెండు. మా ఇంటి తిండి పెట్టొచ్చా? ఆరోగ్యం విషయంలో ఏం చూసుకుని పిల్లను తీసుకోవాలి?

పశువైద్యం_పక్కన:
తిండి: తాలింపు వేసిన ఏదీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఎర్రరక్త కణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా, పొడి చేసినా అంతే. పప్పు, పులుసు, కూర అన్నిట్లో అవి ఉంటాయి. పరమాన్నంలో కిస్‌మిస్ కిడ్నీలకు ప్రమాదం, అత్తయ్యగారికి ముందే చెప్పండి, ప్రేమతో పెట్టేది పెద్దవాళ్లే. తాలింపు లేని పెరుగన్నం ఒక ముద్ద, ఉప్పు లేని ఉడికించిన చికెన్ ఫర్వాలేదు. మిగతాది కుక్కల తిండే. ఛాతీ లోతైన జాతి కాబట్టి రోజుకు రెండు పూటలుగా పెట్టి, తిన్నాక గంటసేపు పరుగులు పెట్టనీయకండి. పొట్ట ఉబ్బి, ఏమీ రాకుండా ఉత్తినే వాంతికి ప్రయత్నిస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు. కడుపు మెలితిరిగితే గంటల్లో ప్రాణం పోతుంది.

పిల్లను కొనేటప్పుడు తల్లిదండ్రులిద్దరి తుంటి ఎక్స్‌రే స్కోరు, కంటి పరీక్ష కాగితాలు చూడండి. థైరాయిడ్, మూర్ఛ, వీపు మీద జుట్టు ఊడిపోవడం వంశంలో ఉన్నాయా అని అడగండి. సల్ఫా మందులు (ఒకరకం యాంటీబయాటిక్స్) ఈ జాతిలో కొన్నిటికి పడవని దీన్ని పెంచేవాళ్లు హెచ్చరిస్తారు, మీ వెట్ ఫైల్లో రాయించండి. ఐర్లండ్‌లో పిల్ల చేతులు మారేముందే మైక్రోచిప్ ఉండాలి. నాలుగు నెలలు దాటాక ఏటా లైసెన్స్ తీసుకోవాలి, 20 యూరోలు.

నీళ్లలోకి దించేటప్పుడు ఎత్తి పడేయకండి, ఒక్కసారి బెదిరితే ఏళ్ల తరబడి పోదు. వాలుగా ఉన్న ఒడ్డున మీరే మోకాలి లోతుకు దిగండి, అదే వస్తుంది. ఈత అయ్యాక చెవులు తుడిచి, చెవి తమ్మె లోపలివైపు, దాని కింద ఉన్న జుట్టు కత్తిరించి గాలి తగలనివ్వాలి. వాసన, గోధుమరంగు గులిమి, తల విదిలింపు కనిపిస్తే ఇన్‌ఫెక్షన్ మొదలైనట్టే. చల్లటి నీళ్లలో ఎక్కువసేపు ఈదాక తోక మొదట్లో కొద్దిగా లేచి మిగతాది వేలాడిపోతే విరిగిందని కంగారు పడొద్దు. కండరం పట్టేయడం అది, మామూలుగా కొద్దిరోజుల్లో తగ్గుతుంది, వెట్‌కు మాత్రం చూపించండి. చెరువుల్లో ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు ఏటా టీకా తప్పదు. వేసవిలో ఆకుపచ్చ తెట్టు కట్టిన సరస్సులో దించకండి, ఆ నాచు విషం.

గోల్కొండ_టామీ:
హైదరాబాద్ ప్రశ్నకు: బతకదని కాదు, బతుకు మాత్రం కష్టం. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరు లోపు, రాత్రి తొమ్మిది తర్వాతే బయటికి. మిగతా టైమంతా ఏసీ. తారు రోడ్డు మీద అరచేతి వెనకవైపు ఆనించి ఏడు సెకన్లు ఆగలేకపోతే దాని పాదాలు కూడా ఆగలేవు. ఎండకన్నా పెద్ద సమస్య గోమార్లు. ఈ బొచ్చులో చర్మం దాకా దూరి కూర్చుంటే చేతికి తగలవు, వాటివల్ల వచ్చే ఎర్లీషియా, బబీసియా జ్వరాలు మన దగ్గర మామూలే. ఏడాది పొడవునా గోమారు మందు వాడాలి, జుట్టు రెండు సెం.మీ.కు మించనీయకూడదు. వర్షాకాలంలో తడి ఆరకపోతే చర్మం చీము పట్టి పుండవుతుంది. ఈత కొట్టించడానికి హుస్సేన్ సాగర్ మాత్రం కుదరదు, అది అడక్కండి!

వాపసు వచ్చేటప్పుడు మైక్రోచిప్, రేబిస్ టీకా, అక్కడి ప్రభుత్వ వెట్ ఇచ్చే ఆరోగ్య పత్రం, మన జంతు క్వారంటైన్ శాఖ ఎన్‌ఓసీ ముందే తెచ్చుకోవాలి. ఈ రూల్స్ మారుతుంటాయి, టికెట్ బుక్ చేసేముందు చూసుకోండి. రెండు మూడేళ్లలో వచ్చేయడం ఖాయమైతే ఈ జాతి వద్దనే నా మాట.