స్ట్రాత్‌హోమ్‌లో ఆర్థస్ చేసింది తప్పేనా?

రాతికోట:
వార్‌క్రాఫ్ట్ 3 (2002) వీడియో గేమ్‌లో మానవుల క్యాంపెయిన్ (వాళ్ల వైపు కథ) ఆరో మిషన్ గురించి ఈ చర్చ. ఆడనివాళ్ల కోసం: తెగులు పట్టిన ధాన్యం స్ట్రాత్‌హోమ్‌కి చేరిపోయింది. అది తిన్నవాళ్లు చచ్చి, లేచి, శత్రువు సైన్యంలో కలుస్తారు. యువరాజు ఆర్థస్ ఊరంతటినీ నరికేయమంటాడు. గురువు ఊథర్ ఒప్పుకోడు, అతని స్నేహితురాలు, మాంత్రికురాలు జైనా చూడలేక వెళ్లిపోతుంది.

నా లెక్కలో ఆర్థస్‌ది క్రూరమైన నిర్ణయమే, కానీ తప్పు కాదు. దీనికి ముందు మిషన్‌లో హార్త్‌గ్లెన్ అనే ఊరిని 30 నిమిషాలు కాపాడాలి. ధాన్యం పెట్టెలు ఖాళీ అయిపోయాయని తెలిసేసరికే జనం శవాలై మీద పడతారు. అది కళ్లారా చూసినవాడు ఇంకో ఊరు అలా కావాలని ఎందుకు కోరుకుంటాడు?

వడగళ్లు:
మీరు చెప్పిన వరుసే రచయితల పనితనమండీ. 30 నిమిషాలు గోడ పట్టుకుని వేలాడిన ప్లేయర్‌కి, వెంటనే వచ్చే మిషన్‌లో ఆర్థస్ మాట మామూలు ఇంగితంలా వినిపిస్తుంది. ఊథర్ ఆ ముట్టడి చివర్లో గానీ రాడు, కాబట్టి అతని అభ్యంతరం బయటివాడి సలహాలా తోస్తుంది.

ఇక మిషన్ ఎలా నడుస్తుందో చూడండి. తెగులు వెనకున్న రాక్షసుడు మాల్‌గానిస్ 100 మందిని తనవైపు తిప్పుకునేలోపు మనం 100 మందిని మట్టుపెట్టాలి. తెరమీద రెండు అంకెలూ పరుగెడుతుంటాయి. ఒక్కో ఇల్లూ కూల్చాలి, లోపలివాళ్లు బయటికి రావాలి, వాళ్లని చంపి పక్కింటికి పోవాలి. రెండు వీధులు దాటేసరికి మన చూపు ఇళ్ల మీద ఉండదు, అంకె మీద ఉంటుంది. ధాన్యం ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అని అడిగే వీలు ఆటలో ఎక్కడా లేదు. ఆ ప్రశ్నకి చోటివ్వకుండా "వేరే దారి లేదు" అని మనచేత అనిపిస్తే అది న్యాయమైన పరీక్ష కాదు.

రాతికోట:
అడగడానికి టైమ్ ఏదీ? మాల్‌గానిస్ అప్పటికే ఊళ్లో ఉన్నాడు. వేరే దారి ఉండాలన్న ఊథర్ కూడా ఆ దారేంటో చెప్పలేదు.

వడగళ్లు:
అది ఒప్పుకుంటాను, అక్కడ రచన బలహీనమే. గేట్లు మూసి ఇంటింటికీ వెళ్లి వేరుచేద్దామని ఊథర్ చేత ఒక్క మాట అనిపించి, దాన్ని ఆర్థస్ కాదన్నట్టు రాసుంటే చర్చ ఇంకా పదునుగా ఉండేది.

చివరిపొద్దు:
ఇద్దరూ ఒక్క మిషన్ దగ్గరే ఆగిపోయారు. ఆర్థస్ సంగతి తేలేది ఎనిమిదో మిషన్‌లో. మాల్‌గానిస్‌ని వెంటాడుతూ మంచు ఖండం నార్త్‌రెండ్‌లో ఉండగా సైన్యాన్ని వెనక్కి రమ్మని రాజు కబురు పంపుతాడు. సైనికులు ఇంటికెళ్లకూడదని ఆర్థస్ కిరాయి మూకతో తన ఓడల్ని తనే తగలబెట్టిస్తాడు. ఆనక ఆ నేరం వాళ్ల మీదే నెట్టి, సొంత సైనికుల చేత వాళ్లని చంపిస్తాడు. ఇక్కడ తెగులు లేదు, ప్రజల్ని కాపాడటం లేదు, పగ ఒక్కటే ఉంది.

శపించిన కత్తి ఫ్రాస్ట్‌మోర్న్ అతని చేతికొచ్చేది తొమ్మిదిలో. "పాపం, కత్తి అతన్ని పాడుచేసింది" అనేవాళ్లు ఈ వరుస చూడాలి. ఊరూ ఓడలూ రెండూ కత్తికి ముందే. సానుభూతి ఉన్న విలన్ని రాయాలంటే ఈ క్రమం నేర్చుకోవాలి: మొదటి పని వాదించదగ్గదిగా ఉండాలి, రెండోది సమర్థించలేనిదిగా ఉండాలి, శాపం ఆ రెండిటి తర్వాతే రావాలి. శాపం ముందొస్తే అతను బాధితుడైపోతాడు, బాధ్యత ఆవిరైపోతుంది.

దూరతీరం:
ఫైనల్ ఫాంటసీ 14 షాడోబ్రింగర్స్ (2019) ఆటలో విలన్ ఎమెట్-సెల్క్‌ది ఇంకో పద్ధతి. అతని లోకం ఎప్పుడో 14 ముక్కలైంది. వాటిని మళ్లీ కలపాలన్నది అతని పట్టుదల. ఒక్కో ముక్క కలిసినప్పుడల్లా అందులోని లోకం నశిస్తుంది. అలా ఇప్పటికే 7 పోయాయి. మనల్ని అతను పూర్తి ప్రాణులుగానే లెక్కెయ్యడు, కాబట్టి తను చేసేది హత్య అనుకోడు.

ఇంత ఘోరం చేసినవాడి మీద జాలి ఎలా పుడుతుంది? సముద్రం అడుగున తను మళ్లీ నిలబెట్టిన తన పాత నగరం అమరోట్‌లో మనల్ని నడవనిస్తారు. అక్కడి పాత నగరవాసుల నీడలు మనకంటే ఎంతో పొడుగు. మనల్ని చిన్నపిల్లలనుకుని ముద్దుగా పలకరిస్తాయి.  అతను పోగొట్టుకున్నదేమిటో ఏ ఉపన్యాసమూ ఇంత బాగా చెప్పలేదు.

అయినా పోరాటం తప్పదు. నాటకంలో దుర్యోధనుడి పద్యానికి వన్స్‌మోర్ కొట్టినవాళ్లు కూడా యుద్ధంలో పాండవుల పక్షమే కదా.

రాతికోట:
ఓడల విషయంలో చివరిపొద్దు గారి మాట కాదనలేను. నేను ఊరిని ఓడలతో కలిపి చూడలేదు. కానీ ఊరి దగ్గర మాత్రం నా మాట మార్చుకోను. ఆ క్షణంలో ఆర్థస్‌కి తెలిసినంతలో అదే సరైన నిర్ణయం.

వడగళ్లు:
"తెలిసినంతలో" అన్నారు చూడండి, నా అభ్యంతరం అక్కడే. తెలుసుకోవడానికి ప్రయత్నించాడా? 2008లో ఇదే కథాలోకపు ఆన్‌లైన్ ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ ఊచకోతనే డంజన్‌గా (జట్టుగా ఆడే ఘట్టంగా) తెచ్చింది. చరిత్ర మారకూడదని మనమే ఆర్థస్ పక్కన నడిచి సాయం చెయ్యాలి. హీరోయిక్ అనే కఠిన స్థాయిలో 25 నిమిషాల గడువు పెట్టి, తొందరగా ముగించినవాళ్లకి కంచు డ్రాగన్ వాహనం ఇచ్చారు. 2002లో కౌంటర్, 2008లో గడియారం. ఆ ఊళ్లో ఒక్క తలుపు తట్టి "మీరు ఆ రొట్టె తిన్నారా?" అని అడిగే అవకాశం ప్లేయర్‌కి రెండుసార్లూ దక్కలేదు.