అప్‌డేట్: ఫొటోల బరువు తగ్గించాక మా సైటు వేగం పెరిగింది

మా మంగళగిరి చీరల సైటు ఫోన్లో తెరుచుకోవడానికి చాలా సేపు పడుతోంది, హోస్టింగ్ మార్చాలా అని ఇంతకుముందు అడిగాను. ముందు ఫొటోల సంగతి చూడమన్న అందరికీ థాంక్స్. హోస్టింగ్ జోలికి వెళ్లాల్సిన పనే పడలేదు.

కెమెరాలోంచి వచ్చే ఒక్కో ఫొటో 6000 పిక్సెళ్ల వెడల్పు, 8 ఎంబీ పైమాటే. పేజీలో అది కనిపించేది 800 వెడల్పులో. ఇప్పటి ఫోన్ల స్క్రీన్లకు రెట్టింపు ఉంటే బాగుంటుందని 1600కి తగ్గించి, స్క్వూష్‌లో (ఫొటోల బరువు తగ్గించే ఉచిత వెబ్ టూల్) వెబ్‌పీగా, అంటే వెబ్ కోసం చేసిన తేలికైన ఫొటో ఫార్మాట్‌లో, క్వాలిటీ 80తో సేవ్ చేశాను. 300 కేబీ లోపుకు దిగింది. ఇంకా తగ్గుతుందేమోనని 60 పెట్టి చూస్తే నిజాం అంచులో జరీ గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కొనేవాళ్లు వేళ్లతో జూమ్ చేసి చూసేదే ఆ అంచు. అందుకే 80 దగ్గరే ఆగాను.

మా సైటు నడిచే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్, 5.3 వెర్షన్ నుంచి పెద్ద ఫొటోలను తనే 2560 పిక్సెళ్లకి తగ్గిస్తుంది కదా అని ఒకరు అన్నారు. నిజమే, కానీ మా పేజీకి 2560 కూడా ఎక్కువే.

ఇంకో ముఖ్యమైన మార్పు: పైన కనిపించే మొదటి ఫొటోకు లేజీ లోడింగ్ (స్క్రోల్ చేసి దగ్గరికి వచ్చాకే ఫొటో లోడ్ అయ్యే పద్ధతి) తీసేశాను, కిందవాటికి ఉంచాను. దాంతో పైనున్న ఆ పెద్ద ఫొటో కనపడే సమయం, గూగుల్ బాగుందని చెప్పే 2.5 సెకన్ల లోపుకు వచ్చింది. ప్రతి ఫొటోకూ వెడల్పు, ఎత్తు రాయడంతో పేజీ ఎగిరెగిరి పడటం కూడా ఆగింది.

పాత ఫొటోలు ఇంకా చాలా మిగిలాయి. వాటిని ప్లగిన్‌తో మారుస్తాను, కానీ ముందు ఒరిజినల్స్ అన్నీ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కిస్తున్నాను.