బెల్టులో పొరల వరస మీద పేటెంటా?

తణుకు మిల్లరు: మా మిల్లుకి బెల్టులిచ్చే సప్లయరుకి లాయరు నోటీసు వచ్చిందండి. మధ్యలో నైలాన్ షీటు, రెండు వైపులా గుడ్డ, ఆపైన రబ్బరు. ఈ వరస మీద పేటెంటు తమదని ఓ కంపెనీ అంటోంది. నైలానూ వాళ్ళు కనిపెట్టలేదు, రబ్బరూ కనిపెట్టలేదు. ఉన్నవే పేర్చినందుకు పేటెంటేంటండీ? దాళ్వా ధాన్యం దిగే వేళ ఇదో టెన్షన్.

పాలకొల్లు ఫిట్టరు: వరసలోనే ఉందండీ అసలు కిటుకు! చిన్న పుల్లీ మీద వంగినప్పుడు బెల్టు పై పొర సాగుద్ది, లోపలి పొర నొక్కుకుంటది. నడుమ పొర పొడవు దాదాపు మారదు. లాగుడు మోసే నైలాన్ అక్కడుంటేనే బెల్టు నిలుస్తది. పైకి జరిపితే ముందు అంచున పోగులు లేస్తాయి, తర్వాత జిగురు వదిలి పొరలుగా ఊడొస్తది. ఊరికే పేర్చారని తీసిపారేయకండి.

భీమవరం లా విద్యార్థి: 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) ప్రకారం తెలిసిన వస్తువుల్ని పేర్చడం ఆవిష్కరణ కాదు. కానీ అవి దేనికది విడిగా పనిచేస్తుంటేనే ఆ మాట వర్తిస్తుంది. అతికించిన పొరలు కలిసి పనిచేస్తాయి కనుక మిల్లరు గారి వాదన అక్కడ నిలవదు. అలాగని ఫిట్టరు గారూ గెలవలేదు. మీకే ఇంత తేలిగ్గా తెలిసిందంటే, ఈ పనిలో ఉన్న ఎవరికైనా తట్టేదే కదా! 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో గిన్నెల తయారీ పద్ధతి మీది పేటెంటు సుప్రీంకోర్టులో నిలవలేదు. అది మామూలు వర్క్‌షాపు మెరుగుదలేనని తేల్చారు.

పాలకొల్లు ఫిట్టరు: నాకు తెలిసింది ఊడిపోయిన బెల్టులు విప్పి చూశాక బాబూ! అయినా క్లెయిములు, అంటే పేటెంటులో తమదని రాసుకున్న అంశాలు, ఎవరైనా చదివారా? వరస ఒక్కటేనా, గుడ్డ పోగు కోణం కూడా రాశారా? కోణం ఉంటే అందరికీ తట్టేది కాదది.

తణుకు మిల్లరు: పోగులు ఏటవాలుగా ఉండాలని రాశారండి. అలాంటి పాత బెల్టు మా షెడ్డులో ఉందనుకుంటా.

భీమవరం లా విద్యార్థి: తూకానికి అమ్మేయకండి సార్! పేటెంటు ప్రయారిటీ తేదీకి, అంటే దానికి మొదట దరఖాస్తు పెట్టిన తేదీకి, ముందే అలాంటి బెల్టు మన దేశంలో బహిరంగంగా వాడారని చూపిస్తే, సెక్షన్ 64 కింద రద్దు కోరొచ్చు. తేదీ ఉన్న బిల్లు మాత్రం కావాలి.

పాలకొల్లు ఫిట్టరు: మిల్లుల్లో పాత బెల్టు దొరుకుద్ది గానీ బిల్లు దొరకడమే కష్టం. కోసి చూసేటప్పుడు జాయింటుకి దూరంగా కోయండి. అక్కడ చెక్కి అతికిస్తారు, వరస తెలీదు.