రోజూ నడుముకు పెట్టుకోవడానికి గ్లాక్ 19 పిస్టల్ మేలా, పీ365 మేలా?

ప్లేనో స్టోర్

అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ప్లేనోలో మాకో చిన్న స్టోర్ ఉంది. రాత్రి పదకొండింటికి మూసేసి, ఆ రోజు కలెక్షన్ సంచీ పట్టుకుని వెనక ఉన్న కారు దాకా ఒక్కణ్ణే నడవాలి. పోయిన నెల పక్క వీధి స్టోర్‌లో గన్ చూపించి డబ్బు లాక్కుపోయారు. అప్పట్నుంచి నేను ఇంటికి చేరేదాకా మా ఆవిడకి నిద్ర లేదు. గ్రీన్‌కార్డ్ ఉంది, గన్ వెంట పెట్టుకునే క్యారీ లైసెన్స్ కూడా తీసుకున్నాను. ఏది కొనాలన్నదే తేలడం లేదు.

శనివారం షూటింగ్ రేంజ్‌లో గ్లాక్ 19, సిగ్ కంపెనీ పీ365 రెండూ అద్దెకు తీసుకున్నాను. ఏడు గజాల్లో పేపర్ ప్లేటు పెట్టి ఒక్కోదానితో ఇరవై రౌండ్లు (గుళ్ళు) కాల్చాను. గ్లాక్‌తో పంతొమ్మిది ప్లేటులో పడ్డాయి. పీ365తో పదమూడే. దాని పిడి పొట్టిది, నా చిటికెనవేలుకు చోటు లేక కింద గాల్లో ఉండిపోయింది. పేలిన ప్రతిసారీ పట్టు కదిలిపోయి మళ్ళీ సర్దుకోవాల్సొచ్చింది. కానీ జేబులో పట్టేంత చిన్నగా ఉంది. రోజూ పెట్టుకునేవాళ్ళు చెప్పండి, దేన్ని నమ్ముకోమంటారు?

కేటీ, హ్యూస్టన్ (మాది వరంగల్)

అన్నా, పీ365 తీసుకో. నేను గ్లాక్ 19 తోనే మొదలువెట్టిన. నిండ గుండ్లతోని ఎనిమిది వందల యాభై గ్రాముల దాక ఉంటది. మొదటి నెల దినాం పెట్టుకున్న. జూన్ ఎండల పల్చటి టీషర్ట్ కింద పిడి ఉబ్బెత్తుగ కనవడేది. కారుల కూసుంటే పొట్టల గుచ్చుకునేది. మెల్లగ ఒకనాడు ఇంట్ల, ఒకనాడు కారు గ్లవ్ బాక్సుల పెట్టుడు అలవాటైంది. ఒక పొద్దుగాల లేచి చూస్తే కారు అద్దం పగిలి సీటు నిండ గాజుముక్కలు. గ్లవ్ బాక్స్ ఖాళీ. పోలీసులకు సీరియల్ నంబర్ రాసిచ్చిన. గని అది ఇప్పుడు ఎవల చేతుల ఉన్నదో అన్న గుబులు ఇంక పోలేదు.

పీ365 2018ల వచ్చింది. అంతకుముందు గంత చిన్న 9 ఎంఎం (గుండు సైజు) పిస్టల్ కావాల్నంటే ఆరో ఏడో రౌండ్లతోని సరిపెట్టుకునుడే. 2015ల వచ్చిన గ్లాక్ 43 మ్యాగజీన్‌ల (గుండ్లు పట్టే డబ్బ) ఆరే పడ్తయి. సిగ్ వాళ్ళు దాదాపు అదే సైజుల పది పట్టించిన్రు. ఆ తర్వాతనే అసొంటియే వేరే కంపెనీలవి, 2019ల హెల్‌క్యాట్, 2021ల షీల్డ్ ప్లస్ వచ్చినయి. నీ చిటికెనవేలు సంగతి అంటవా, 12 రౌండ్ల మ్యాగజీన్ వేసి చూడు, వేలుకు చోటు దొరుకుతది. నేను పొద్దున ప్యాంటు తొడుక్కున్నప్పుడు పెట్టుకుంటే మళ్ళ రాత్రి పండుకునేటప్పుడే తీస్త.

రౌండ్‌రాక్ బాబాయ్

కేటీ తమ్ముడు చెప్పిన దొంగతనం సంగతి చదివి బాధేసింది. కారు గ్లవ్ బాక్సు తుపాకీ పెట్టే చోటు కాదు, ఆ మాటలో రెండో ఆలోచన లేదు. కానీ తప్పు గ్లాక్‌ది కాదు తమ్ముడూ, బెల్టుది. మామూలు తోలు బెల్టు మీద అంత బరువు వేలాడదీస్తే పిడి బయటికి ఒరుగుతుంది, చొక్కా ఉబ్బుతుంది. గట్టి గన్ బెల్టు వేసి, పిడిని ఒంటివైపు నొక్కిపెట్టే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్, అంటే గన్ ఒర, వాడితే సగం బాధ పోతుంది. ఇంకోటి, చొక్కాలోంచి కనపడేది బ్యారెల్ (గొట్టం) కాదు, పిడి. బ్యారెల్ నాలుగంగుళాలున్నా ప్యాంటులో దాక్కుంటుంది. పిడి అరంగుళం పెరిగితే దాచడం కష్టం.

నేను గ్లాక్ 19 వైపే. ప్లేనో అబ్బాయీ, నీ ప్లేటే సాక్ష్యం. ఏడు గజాల్లో, వెలుతురులో, తీరుబడిగా కాలిస్తే పీ365తో ఏడు గుళ్ళు బయటికి పోయాయి. రాత్రి చీకట్లో, గుండె దడదడలాడుతుంటే ఎన్ని పోతాయి? ఆ బయటికి పోయినవి ఎక్కడికి పోతాయి? పార్కింగ్ అవతల అపార్ట్‌మెంట్లు ఉంటాయి. గురి తప్పిన ప్రతి గుండుకూ జవాబుదారీ నువ్వే. చిన్న పిస్టల్ చెయ్యిని ఎక్కువ కుదుపుతుంది, గురి చూసే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం తక్కువ కాబట్టి చిన్న పొరపాటు కూడా గురిలో పెద్దదవుతుంది. పైగా యాభై రౌండ్లకే చెయ్యి నొప్పెట్టి సాధన మానేస్తారు. మధ్యేమార్గం కావాలంటే గ్లాక్ 43ఎక్స్ పట్టుకుని చూడు. సన్నగా ఉంటుంది, పిడి నిండుగా ఉంటుంది, పది రౌండ్లు.

శాన్ ఆంటోనియో నర్సు

మీ ఇద్దరి వాదనలో నాలాంటివాళ్ళ మాట రాలేదు. నావి చిన్న చేతులు, పైగా రెండేళ్ళుగా కుడి బొటనవేలి కీలు నొప్పి. పీ365 స్లైడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగడం నాకు పెద్ద పని. ఒకసారి రేంజ్‌లో ఓ చిన్న పిస్టల్ వరసగా మూడుసార్లు ఇరుక్కుపోయింది. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ చూసి, మణికట్టు బిగించి పట్టుకోవడం లేదు, అందుకే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్ళడం లేదన్నాడు. ఆ భయం నాలో ఉండిపోయింది.

అందుకే స్మిత్ అండ్ వెసన్ 642 కొనుక్కున్నాను. ఐదు గుళ్ళ .38 రివాల్వర్, హ్యామర్ (గుండును పేల్చే సుత్తి) లోపలే ఉంటుంది, సంచిలో దేనికీ చిక్కుకోదు. లాగాల్సిన స్లైడ్ లేదు. ట్రిగ్గర్ మాత్రం చాలా గట్టి, నెల రోజులు ఖాళీగా నొక్కి సాధన చేశాను. గుండు పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కడమే.

మా హాస్పిటల్లోకి తీసుకెళ్ళకూడదు, తలుపు మీద గన్ తేవద్దని చెప్పే 30.06 బోర్డు ఉంటుంది. అందుకని కారులో కేబుల్‌తో సీటుకు కట్టిన చిన్న లాక్ బాక్సులో పెడతాను. తాళం వేసిన సొంత కారులో ఉంచుకోవడాన్ని యజమాని ఆపకుండా 2011లోనే టెక్సస్ చట్టం చేసింది.

రౌండ్‌రాక్ బాబాయ్

అమ్మా, మీ చేతికి 642 సరిపోతే దాని మీద మాట లేదు. అయితే అదే బాధ ఉన్న వేరేవాళ్ళు షీల్డ్ ఈజీ పిస్టల్ కూడా చూడండి, స్లైడ్ తేలిగ్గా లాగేలా చేసింది. ఇంకా చిన్నది కావాలని .380 (9 ఎంఎం కంటే బలం తక్కువ గుండు) వాడే ఎల్‌సీపీ పిస్టల్‌కి పోయేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. దుండగుడికి తగిలిన 9 ఎంఎం గుండు గుండెకాయ దాకా వెళ్ళకుండా ఆగిపోయింది, అతను ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఆ తర్వాతే ఒంటి కండకు బదులు పరీక్షకు వాడే జెల్ దిమ్మలో గుండు పన్నెండు నుంచి పద్దెనిమిది అంగుళాలు దిగాలన్న కొలత స్థిరపడింది. ఇప్పటి 9 ఎంఎం గుళ్ళు దాన్ని అందుకుంటున్నాయి. పొట్టి బ్యారెల్ .380 చాలాసార్లు అందుకోలేదు.

ఇర్వింగ్ కొత్తవాణ్ణి

అన్నలూ, నాది హెచ్1బీ. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి లైసెన్స్ లేకుండానే పెట్టుకోవచ్చు కదా, నేనూ కొనుక్కోవచ్చా?

కేటీ, హ్యూస్టన్

ఆగు తమ్మీ, కొనకు. అది రాష్ట్ర చట్టం. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నోళ్ళు గన్ గాని గుండ్లు గాని దగ్గర ఉంచుకునుడే నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నయి, గని లాయర్‌ని అడగకుండ వాటి మీద ఆధారపడకు. దోస్తుది పట్టుకున్నా ఇబ్బందే.

ఆస్టిన్ అమ్మ

మీరు అడగని మాటే చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. ప్లేనో తమ్ముడూ, ఇంట్లో పిల్లలున్నారా? ఏది పెట్టుకోవాలన్న దానికంటే రాత్రి ఇంటికొచ్చాక అది ఎక్కడుంటుందన్నది నాకు ముఖ్యం. అలసిపోయి వచ్చి, అన్నం తినేముందు ఫ్రిజ్ పైన పెట్టేస్తాం. నాలుగేళ్ళ పిల్ల కుర్చీ లాక్కుని ఎక్కగలదు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో టీనేజ్ పిల్లలున్నవాళ్ళు ఆ మాట మనసులో ఉంచుకోవాలి. పదిహేడేళ్ళ లోపు పిల్లలకు అందేలా పెడితే టెక్సస్‌లో నేరం కూడా.

ఇంకోటి. ఎదుటివాడు ముందే గన్ గురిపెట్టి ఉంటే, నువ్వు చొక్కా ఎత్తి, పట్టు దొరికించుకుని, బయటికి తీసేసరికి బాగా సాధన ఉన్నవాడికే సెకనున్నర పడుతుంది. వాడికి వేలు నొక్కడమే. సంచీ ఇచ్చెయ్యి నాన్నా. ఆ డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు.

రౌండ్‌రాక్ బాబాయ్

ఆస్టిన్ చెల్లెమ్మ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. డబ్బు కోసం గన్ తియ్యకూడదు. సంచీ ఇచ్చాక కూడా వాడు వదలకుండా ప్రాణం మీదికి వస్తే, అప్పుడు మాత్రమే గన్. ఇంట్లో వేలిముద్రతోనో నంబరుతోనో తెరుచుకునే చిన్న సేఫ్ తలుపు పక్కనే బిగించుకోండి. చెప్పులు విప్పేచోట.

శుభ్రం చేసేటప్పుడు కూడా జాగ్రత్త. గ్లాక్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజీన్ తీశాం కదా అని చాంబర్ (గుండు కూర్చునే గది) చూడకుండా నొక్కి ప్రమాదం తెచ్చుకున్నవాళ్ళున్నారు. పీ365కి ఆ అవసరం లేదు, ఈ ఒక్క విషయంలో నేను కేటీ తమ్ముడి పక్షం.

ప్లేనో స్టోర్

ఆస్టిన్ అక్కా, పిల్లలిద్దరు. పెద్దదానికి తొమ్మిది, చిన్నవాడికి నాలుగు. మీరన్నట్టే మా ఫ్రిజ్ పక్కన కుర్చీ ఉంటుంది. సేఫ్ ఈ రోజే ఆర్డర్ పెట్టాను, అది బిగించేదాకా ఇంట్లోకి గన్ రాదు. మా ఆవిడతో కూడా మాట్లాడాను. రేపట్నుంచి కలెక్షన్ మధ్యాహ్నం రెండింటికే బ్యాంకులో వేస్తాం, రాత్రి సంచీలో చిల్లర తప్ప ఏమీ ఉండదు.

కేటీ అన్నా, 12 రౌండ్ల మ్యాగజీన్‌తో పీ365 మళ్ళీ కాలుస్తాను. అది ప్లేటులో పద్దెనిమిది దాటితే దాన్నే కొంటాను, దాటకపోతే గట్టి బెల్టు కొని గ్లాక్‌తో సర్దుకుంటాను. బాబాయ్ గారూ, ఆదివారం పదింటికి మీరు ఇటువైపు వస్తే పక్కన నిలబడి నా పట్టు చూడండి. గుళ్ళ ఖర్చు నాది.