గుత్తి నీలం సాలీడు ఇంట్లో పెంచొచ్చా? బెజవాడ, గుంటూరు వైపు ఎవరైనా టరాంటులాలు పెంచుతున్నారా?

పటమట_కుర్రాడు:

నవ్వుకున్నా పర్లేదు గానీ సమాధానం మాత్రం చెప్పి నవ్వుకోండి. ఒక టరాంటులాని, అదే ఒళ్ళంతా వెంట్రుకలుండే పెద్ద సాలీడుని, పెంచుకోవాలని నాకు రెండేళ్ళ నుంచి కోరిక. ఇంతకుముందు చేపల తొట్టె ఐదేళ్ళు నడిపాను, నీళ్ళు మార్చీ మార్చీ విసుగొచ్చి ఎవరికో ఇచ్చేశాను. సాలీడైతే చప్పుడు లేదు, వాసన లేదు, వారానికోసారి మేత పడేస్తే చాలంటున్నారు. ఒక గ్రూపులో ఒకతను "గుత్తి బ్లూ ఉంది, ఫుల్ సైజు, 4,000 పంపితే బస్సు పార్సిల్లో వేసేస్తా" అన్నాడు. ఫోటో చూస్తే మతి పోయింది. నెమలి మెడ రంగు, కాళ్ళ మీద పసుప్పచ్చ మచ్చలు.

ఇంట్లో మాది మూడో అంతస్తు, పైన డాబా, కాబట్టి మేలో గదులు పెనం లెక్కే. అక్క కూతురు నాలుగేళ్ళది, ప్రతి శనివారం వస్తుంది, చెయ్యి పెట్టని వస్తువు ఉండదు. కరిస్తే ప్రాణం మీదకొస్తుందా? ఎండాకాలం బతుకుతుందా? కేసులేమైనా అవుతాయా? అమ్మైతే "ఆ పురుగు గుమ్మం దాటి లోపలికొస్తే నేను గుమ్మం దాటి మా తమ్ముడింటికి గుడివాడ పోతా" అని తేల్చేసింది. అమ్మని ఎలా ఒప్పించాలో తెలిసినవాళ్ళు అది కూడా చెప్పండి.

కృష్ణలంక_కాఫీ:

4,000 ఎందుకు తమ్ముడూ, మా బాత్రూంలో ఒకటి ఉంది, అరచేతంత, వచ్చి ఉచితంగా పట్టుకుపో. రాత్రి లైటేస్తే అది నన్ను చూస్తుంది, నేను దాన్ని చూస్తాను, ఎవరో ఒకరు బయటికి పోవాలి కదా, రోజూ నేనే పోతున్నా.

బ్రాడీపేట_4వ_లైను:

కాఫీ గారు చెప్పింది టరాంటులా కాదు. గూడు అల్లకుండా గోడల మీద తిరిగి వేటాడే రకం అది, మన ఇళ్ళలో బొద్దింకల్ని తినేది అదే, దాన్ని చీపురుతో కొట్టకండి. పొట్ట కింద తెల్లటి బిళ్ళ ఒకటి పట్టుకుని తిరుగుతుంటే అది గుడ్ల సంచి.

ఇక అసలు ప్రశ్న. నేను మెక్సికన్ రెడ్ నీ ఒకటి పెంచుతున్నాను, 2018లో తెచ్చినప్పుడు పెసరగింజంత ఉండేది. మోకాళ్ళ దగ్గర నారింజ రంగు పట్టీలుంటాయి కాబట్టి ఆ పేరు. విషం లేని సాలీడు అంటూ దాదాపు ఉండదు, ఎంత విషం అన్నదే లెక్క. అమెరికా ఖండాల రకాలు చాలావరకు నెమ్మదస్తులు, బెదిరితే వెనక కాళ్ళతో పొట్ట మీది నూగు రాల్చి గాల్లోకి చిమ్ముతాయి. చేతికి తగిలితే దురద, కంట్లో పడితే మాత్రం ఆటలు కాదు, కంటి డాక్టరు దగ్గరికి పరుగే. మన దేశం రకాలకి ఆ నూగు ఉండదు. ఉండదు కాబట్టి వాటికి తెలిసిన విద్యలు రెండే, పరిగెత్తడం, కరవడం. నువ్వు చెప్పే నీలంది ఈ రెండో బాపతు. మూత తీసి నువ్వు రెప్ప వేసేలోపు మోచేతి మీద ఉంటుంది. మొదటిసారి పెంచేవాడు, ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల, వద్దంటే వద్దు.

ఎండ గురించి. 24 నుంచి 28 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి, ముప్పై రెండు ముప్పై మూడు దాకా ఓర్చుకుంటాయి. నేను మేలో డబ్బాని ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో, నేల మీద, వెడల్పాటి మట్టి మూకుడులో తడి ఇసుక పోసి అందులో పెడతాను, డబ్బాకి గాలి కంతలు మాత్రం మూసుకుపోకూడదు. ఏసీ గాలి నేరుగా తగలనివ్వను, ఎండిపోతుంది. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం నీళ్ళ గిన్నె మీద బోర్లా పడుకుని ఎనిమిది కాళ్ళూ చాపేసింది, ఆ రోజు నాకు పట్టిన చెమట దానికి కూడా పట్టిందేమో అనుకున్నా.

కానీ మన ఊళ్ళలో దానికి ఎండ కంటే పెద్ద గండం దోమల మందు. ప్లగ్‌లో పెట్టే లిక్విడ్, కాయిల్, బొద్దింకల స్ప్రే, వీధిలో వేసే పొగ, అన్నీ పురుగుల్ని చంపేవే, సాలీడుకి మినహాయింపేం లేదు. వంటింట్లో దొరికిన బొద్దింకని మేతగా వేస్తే అది అంతకు ముందు ఎక్కడ స్ప్రే నాకిందో మనకేం తెలుసు. మేము దోమతెరలోనే పడుకుంటాం, మేతకి కీచురాళ్ళని విడిగా పెంచుతాం. బెజవాడలో లిక్విడ్ లేకుండా మీ ఇంట్లో అందరూ పడుకోగలరా, ముందు అది చూసుకో.

ఇంకోటి, ఇది అందరూ చదవండి. 2021లో ఒక రాత్రి అది వెల్లకిలా పడి కాళ్ళు పైకెత్తింది. మా అత్తయ్య చూసి "అయ్యో పాపం, పోయిందే" అని చేటలో ఎత్తి పారబోయబోయింది. నేను స్నానం మధ్యలోంచి పరిగెత్తుకొచ్చి ఆపాను. అది చావలేదు, కుబుసం విడుస్తోంది. వీపు మీది పెంకు డబ్బా మూతలా పక్కకి లేచింది, అందులోంచి ఒక్కో కాలూ తడి గ్లవ్స్‌లోంచి వేళ్ళు లాక్కున్నట్టు ఇంచు ఇంచుగా బయటికి లాక్కుంది. తొమ్మిదికి మొదలై అర్ధరాత్రి దాటాక అయింది. కొత్త కోరలు పాలతెలుపు, అంత మెత్తగా ఉంటాయి కాబట్టి పది రోజులు మేత వేయకూడదు, వేస్తే కీచురాయే దీన్ని కొరికేస్తుంది. ఆ సమయంలో డబ్బా కదిపినా ప్రమాదమే. మామూలు రోజుల్లో కూడా చేతిలో ఎక్కించుకుని ఫోటోలు దిగకండి, నడుమెత్తు నుంచి జారి పడినా పొట్ట పగిలి చస్తుంది.

పటమట_కుర్రాడు:

అన్నా చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఆ రెడ్ నీకి కాగితాలు గట్రా ఉన్నాయా?

బ్రాడీపేట_4వ_లైను:

అన్న కాదు, అక్క. ఉన్నాయి. నీ గుత్తి నీలంలాగే అది కూడా సైటిస్, అంటే వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం, దాని రెండో జాబితాలో ఉన్నదే. వన్యప్రాణి చట్టానికి 2022లో సవరణ చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ జాబితాలో ఉన్న ప్రాణి ఇంట్లో ఉంటే లెక్క చెప్పాలి. 2024లో రూల్స్ వచ్చాక కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేశాను. పక్షులకీ తాబేళ్ళకీ తప్ప పురుగులకి ఎవడు అడుగుతాడులే అని గ్రూపుల్లో చెప్తుంటారు, ఆ మాట నమ్మకు.

నైట్‌డ్యూటీ_గుంటూరు:

డాక్టర్ని కాదు, క్యాజువాల్టీలో పన్నెండేళ్ళుగా స్టాఫ్ నర్సుని. టరాంటులా కాటుతో మనిషి చనిపోయినట్టు నిర్ధారణ అయిన కేసు లేదు, అది నిజమే. కానీ చావకపోవడం ఒక్కటే లెక్క కాదు కదా. గుత్తి సాలీడు జాతివి కరిస్తే నొప్పి సరే, కండరాలు పట్టేస్తాయి, పిక్క పట్టేసినట్టు కాదు, ఒళ్ళంతా, తగ్గిందనుకున్నాక కొన్ని రోజులకి మళ్ళీ రావడం కూడా ఉంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో అది అనవసరమైన రిస్కు.

చాలామందికి తెలియనిది, మన ఆసుపత్రుల్లో ఉండే విషం విరుగుడు ఇంజక్షన్ నాలుగు పాములకి, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. సాలీడుకి అది పనిచేయదు, పైగా ఉత్తినే ఎక్కిస్తే దాని రియాక్షన్లు దానికున్నాయి. టరాంటులా కాటుకి విడిగా విరుగుడు లేదు. నొప్పికీ పట్టేయడానికీ మందులిచ్చి కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. ఆస్ట్రేలియాలో ఫన్నెల్ వెబ్ అనే సాలీడుకి 1981లో మందు వచ్చాక దాని కాటుకి అక్కడ ఎవరూ చనిపోలేదు, అయితే ఆ మందు అక్కడ ఫ్రిజ్‌లో ఉంటుంది, ఇక్కడ కాదు. విదేశీ విషపు రకాలు, బ్లాక్ విడోలు, తెప్పించుకుంటామనేవాళ్ళు ఈ ఒక్క ముక్క ఆలోచించండి.

పనిలో పని. "సాలీడు పాకింది, పొక్కులొచ్చాయి" అని మా దగ్గరికి వచ్చేవాళ్ళలో నేను చూసినంతవరకు సాలీడు చేసింది ఏమీ లేదు. ఒకటి సర్పి అయ్యుంటుంది, లేదా వానాకాలం లైటు చుట్టూ తిరిగే నలుపూ ఎరుపూ చారల సన్నటి పురుగుని మెడ మీద నలిపేసి ఉంటారు, దాని రసానికే చర్మం కాలినట్టు పొక్కుతుంది. పాపం నింద మాత్రం సాలీడుది.

దిగువమెట్ట_దాకా:

రైల్వేలో చేసి రిటైరయ్యాను, ఈ సాలీడు కథలో రైలుంది కాబట్టి నేనూ ఒక చెయ్యి వేస్తాను. గుత్తి అన్న పేరే ఒక పొరపాటు. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దీన్ని వర్ణించింది గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్క సాలీడుని చూసి. గుత్తిలో వెతికితే మళ్ళీ దొరకలేదు. అసలు ఇల్లు అక్కడ కాదు, కట్టెలతో పాటు బండెక్కి వచ్చిందని ఇప్పుడనుకుంటున్నారు. 2001లో, అంటే 102 ఏళ్ళకి, నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో కనపడింది. గుంటూరులో గుంతకల్లు వైపు రైలెక్కి గిద్దలూరు దాటాక దిగువమెట్ట నుంచి గాజులపల్లి దాకా కిటికీలోంచి చూడండి, సొరంగాలు, వంతెనలు, రెండు వైపులా చెట్లు. ఆ చుట్టుపక్కల పెద్ద చెట్ల తొర్రల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో అది లేదు. వంద చదరపు కిలోమీటర్లు కూడా ఉండదంట దాని రాజ్యం. ఆ కాస్తలో కూడా కట్టెల కోసం చెట్లు కొడుతున్నారు. 2008లో అంతరించే ప్రమాదం అంచున ఉన్నవాటి పట్టీలో చేర్చారు, 2019లో ఆ జాతి మొత్తం సైటిస్‌లోకి ఎక్కింది.

తమాషా ఏంటంటే యూరప్‌లో, అమెరికాలో ఇళ్ళలో గుడ్లు పొదిగించి దీన్ని వేలకొద్దీ పెంచుతున్నారు, మన అడవిలోది మాత్రం కరిగిపోతోంది. అందుకని బాబూ, నీకు బస్సులో పంపిస్తానన్నవాడిది ఇంట్లో పుట్టిందా, తొర్రలోంచి లాగిందా, అది కనుక్కో ముందు. అడవి నుంచి పట్టుకొచ్చినదానికి కాగితం పుట్టదు. అది నేరం, కొన్నవాడికి కూడా చుట్టుకుంటుంది.

అమ్మగారికి శ్రీకాళహస్తి కథ చెప్పి చూడు. అందులో "శ్రీ" అంటే సాలీడే, శివుడికి గూడుతో గుడి కట్టింది.

బ్రాడీపేట_4వ_లైను:

పెద్దాయన చెప్పినదానికి ఒకటి కలుపుతా. పెంచినవాడి దగ్గర పిల్లప్పటి నుంచి విడిచిన కుబుసాలు దాచిపెట్టి ఉంటాయి, మేము డబ్బాలో పత్తి వేసి దాచుకుంటాం, అవి అడుగు. తర్వాత ఆ ఫోటో మళ్ళీ చూడు. ముఖం పక్కన కాళ్ళకంటే పొట్టిగా రెండు చేతుల్లాంటివి ఉంటాయి, వాటి చివర బాక్సింగ్ గ్లవ్స్‌లా ఉబ్బి ఉంటే అది పెద్దైన మగది. ఆడది పదేళ్ళ పైన బతుకుతుంది, మగది పెద్దయ్యాక నెలలే. 4,000 పోసి నెలల ప్రాణం కొనుక్కున్నట్టు. ఆ దశలో మగవి ఆడదాన్ని వెతుక్కుంటూ తొర్ర వదిలి బయట తిరుగుతాయి, కాబట్టి పట్టేవాళ్ళ చేతికి ముందు దొరికేవి కూడా అవే.

పటమట_కుర్రాడు:

అడిగాను. "కుబుసాలున్నాయా" అంటే "ఏం కుబుసాలు బ్రో, ఫ్రెష్ పీస్, మొన్ననే చెట్టు మీంచి దింపారు" అన్నాడు, అదేదో పనసకాయ లాగా. కాగితాలు అడిగేసరికి బ్లాక్ చేశాడు. స్క్రీన్‌షాట్లు తీసిపెట్టాను, రేపు ఫారెస్ట్ ఆఫీసులో ఇస్తాను. ఫోటోలో గ్లవ్స్ ఉన్నాయి అక్కా, రెండూ.

రంగు మీద మోజు పోలేదు గానీ అది మనకొద్దు. రెడ్ నీ కూడా ఇప్పుడే తీసుకోను, దోమల లిక్విడ్ మాట ఇంట్లో తేలాలి ముందు, నాన్న దోమతెరలో పడుకుంటే ఊపిరాడదంటారు.

కాళహస్తి కథ చెప్పాను సార్. "అది గుళ్ళో ఉంది, మన హాల్లో కాదుగా" అంది.

అక్కా, మీరు ఒప్పుకుంటే ఒక ఆదివారం గుంటూరు వచ్చి మీదాన్ని దూరం నుంచి చూసి వెళ్తాను.

బ్రాడీపేట_4వ_లైను:

రా. పదకొండు తర్వాత రా, ఆ టైమ్‌కి అది డబ్బాలో కొబ్బరి చిప్ప కింద నిద్రపోతూ ఉంటుంది, ఒక కాలు తప్ప ఏమీ కనపడదు, ముందే చెప్తున్నా.

పటమట_కుర్రాడు:

కాలు చాలు. అమ్మ కూడా వస్తానంటోంది. సాలీడుని చూడటానికి కాదంట, చేట పట్టుకున్న మీ అత్తయ్యగారితో మాట్లాడాలంట.