పేవర్లు వేస్తే నీళ్లు నిజంగా ఇంకుతాయా?

అనంతపురం_అబ్బాయి:
బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు మా అపార్ట్‌మెంట్, 42 ఫ్లాట్లు. గట్టి వాన పడితే చాలు, డ్రైవ్‌వే మీది నీళ్లన్నీ ర్యాంపు దిగి బేస్‌మెంట్‌లోకి వచ్చేస్తాయి. 2022 సెప్టెంబరులో ఈ చుట్టుపక్కల జనం ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోవడం చూశాం కదా, మబ్బు పడితేనే అందరికీ టెన్షన్. పాత కాంక్రీటు తీసేసి 4,000 చదరపు అడుగుల్లో నీళ్లు ఇంకే పేవర్లు (నేల మీద పరిచే కాంక్రీటు దిమ్మెలు) వేయిద్దామని అసోసియేషన్‌లో అనుకుంటున్నాం. కాంట్రాక్టరేమో "ఏ ఇంటర్‌లాక్ వేసినా సందుల్లోంచి ఇంకిపోతుంది సార్" అంటున్నాడు. వేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సివిల్_సుబ్బు:
ముందు ఒకటి చెప్పండి. డ్రైవ్‌వే కింద నేల ఉందా, బేస్‌మెంట్ ఉందా?

అనంతపురం_అబ్బాయి:
ర్యాంపు దగ్గర కొంత బేస్‌మెంట్ మీద ఉందండి. గేటు వైపంతా నేలే.

సివిల్_సుబ్బు:
అయితే బేస్‌మెంట్ మీదున్న ముక్కను ఈ లెక్కలోంచి తీసేయండి. శ్లాబులోకి నీళ్లు ఇంకవు, కారతాయి. ఈ ఊళ్లో చాలా చోట్ల సైటంతా బేస్‌మెంట్ తవ్వేసి, పైన నాలుగు గడ్డి పేవర్లు (గళ్లల్లో గడ్డి పెంచేవి) పరిచి "గ్రీన్ బిల్డింగ్" అని బ్రోచర్ వేస్తారు. నవ్వొస్తుంది.

ఇక మీ కాంట్రాక్టర్ మాట. మామూలు ఇంటర్‌లాక్ ఎలా వేస్తారు? కింద పీసీసీ, అంటే మామూలు కాంక్రీటు పొర, దాని మీద ఎం-శాండ్, అంటే రాయి పిండి చేసిన ఇసుక, సందులు లేకుండా బిగించిన పేవర్లు, పైన మళ్లీ ఇసుక చల్లి ఊడుస్తారు. నీళ్లు ఎటు పోతాయి? అసలు పని పేవర్ది కాదు, దాని కిందున్న కంకరది. అడుగున 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం, ఆపైన 6 ఎంఎం చిప్స్, అంటే సన్న కంకర, ఒక రెండంగుళాలు. ఏ పొరలోనూ దుమ్ము ఉండకూడదు, కడిగిన కంకరే కావాలి. 80 ఎంఎం మందం పేవర్లు తీసుకుని, మధ్య వేలి మందం సందు వదిలి అందులోనూ చిప్సే నింపాలి. ఇసుక వద్దే వద్దు.

ఒక అడుగు మందం కంకరలో సుమారు 40 శాతం ఖాళీ ఉంటుంది. అంటే దాదాపు 120 ఎంఎం వాన పడ్డా పట్టుకుని, మెల్లగా మట్టిలోకి వదులుతుంది. మీ 4,000 అడుగుల మీద 50 ఎంఎం పడితే 18,500 లీటర్లు, అంటే మూడు చిన్న ట్యాంకర్ల నీళ్లు ర్యాంపు దాకా రాకుండా ఆగినట్టు. ఫైరింజన్ వచ్చే దారి అదే అయితే మాత్రం 45 టన్నుల బరువుకు లెక్క చూడాలి. ఆ మందం ఇంజనీరుతో తేల్చుకోండి, మేస్త్రీతో కాదు.

హొరమావు_అత్తమ్మ:
మాది 30×40 సైటు. కారు నిలిపే చోట గడ్డి పేవర్లు వేయించా. ఆర్నెల్లకి గడ్డంతా చచ్చింది. పగలంతా కారు అక్కడే ఉంటే ఎండ ఎక్కడిది నాయనా? గడ్డి తీసేసి గళ్లల్లో చిప్స్ పోయించాక బాగుంది. కాకపోతే మా ఆయన స్కూటర్ సైడ్ స్టాండు దిగబడుతుంది, దానికో చిన్న రేకు ముక్క పెట్టుకున్నారు.

వేళచ్చేరి_వాసి:
చెన్నై నుంచి ఒక మాట. మీది ఎర్రమట్టి, అదృష్టవంతులు. మా దగ్గర జిగట బంకమట్టి, పక్కనే పళ్లికరణై చిత్తడి నేల. ఈశాన్య రుతుపవనాల్లో భూగర్భ జలం పైదాకా వచ్చేస్తుంది, ఇంకడానికి చోటే ఉండదు. మేం కంకర అడుగున చిల్లుల పైపు వేసి బయటి కాలువకి కలిపాం. నీళ్లు ఇంకవు, కానీ ఒక్కసారిగా మీద పడకుండా ఆగి ఆగి పోతాయి. బీసెంట్ నగర్‌లో ఇసుక నేల కాబట్టి మా ఫ్రెండ్ ఇంట్లో అదే పని పైపు లేకుండానే జరుగుతోంది. ముందు గుంట తీసి నీళ్లు పోసి చూడండి.

విసిగిన_సెక్రటరీ:
మేం వేయించిన ఇంకే పేవర్ల డ్రైవ్‌వే రెండేళ్లు బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత పక్క సైట్లో బిల్డింగ్ మొదలైంది. ఆ ఎం-శాండ్ దుమ్మంతా మా సందుల్లోకి. పైగా మా తోటమాలి కుండీల మట్టి కుప్ప పోసేది సరిగ్గా దాని మీదే! నీళ్లు నిలవడం మొదలైంది. అదృష్టం ఏమిటంటే మూసుకుపోయింది పై అంగుళమే. మెషిన్ పెట్టి సందుల్లోని పాత చిప్స్ లాగేసి కొత్తవి నింపాం, మళ్లీ దారిలో పడింది. ఊడ్చడం మానొద్దు. నీళ్ల జెట్‌తో దుమ్మును లోపలికి తోయొద్దు.

అనంతపురం_అబ్బాయి:
ఆదివారం వాచ్‌మన్, నేను కలిసి రెండు గుంటలు తీశాం, ఒక్కోటి అడుగు లోతు. ముందొకసారి నింపి ఇంకనిచ్చి మళ్లీ నింపాం. గేటు వైపు గుంట 40 నిమిషాల్లో ఖాళీ. ర్యాంపు పక్కది మూడు గంటలైనా సగం కూడా దిగలేదు. తవ్వితే ఇటుక ముక్కలు, సిమెంటు సంచులు! బిల్డర్ చెత్తంతా అక్కడే పూడ్చాడన్నమాట.

సివిల్_సుబ్బు:
గేటు వైపు మాత్రమే పేవర్లు వేయండి, బేస్‌మెంట్ గోడకి పది అడుగుల దూరం వదిలి. ర్యాంపు మూతి దగ్గర అడ్డంగా జాలీ కాలువ తీసి, గేటు పక్క ఒక ఇంకుడు బావికి కలపండి. మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు రింగుల బావి సుమారు 4,000 లీటర్లు పడుతుంది. ఇక్కడ బావులు తవ్వే మన్ను వడ్డర్లు ఉన్నారు, వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. బేరం మన భాషలోనే ఆడుకోవచ్చు.

అనంతపురం_అబ్బాయి:
కాంట్రాక్టర్‌కి ఈ పొరలన్నీ కాగితం మీద రాసిచ్చాను. చదివి, "ఇది రోడ్డు పని సార్, రేటు మారుతుంది" అన్నాడు. శనివారం మీటింగ్. కడిగిన చిప్స్ దొరికే చోటు తెలిస్తే చెప్పండి, క్వారీవాళ్లు దుమ్ముతోనే లారీ ఎత్తుతున్నారు.

హొరమావు_అత్తమ్మ:
మాకు ట్యాంకర్ నీళ్లతో ఇంటి దగ్గరే కడిగారు. ఆ బురద నీళ్లు ఎటు పోతాయో ముందే చూసుకో నాయనా, మావి పక్కింటి ముగ్గు మీదకి పోయాయి.